మూసిన గుప్పిట

బందరు,
జూన్ 1934

ప్రియమైన అక్కకి,

కృపావరం వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ క్షేమం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బడి తెరిచి ఉంటారు. సెలవుల్లో పిల్లలు నీ బెత్తాన్ని మర్చిపోయి ఉంటారు, నువ్వు మళ్ళీ పరిచయం చేస్తూ ఉంటావు.

అచ్చాఫీసు పని పోయిందని నా గురించి దిగులు పెట్టుకోకు. అంతకంటే మంచిది దొరికింది. గోవర్ధనరావుగారని, రంగూన్లో చాలాకాలం ఉండి వచ్చినాయన, ఇక్కడ ఒంటి సబ్బుల వ్యాపారం పెట్టారు. వాటికి ప్రకటనలు రాయడం నా పని. సబ్బుకి ప్రకటన దేనికంటావేమో, ప్రతి సబ్బుతోనూ ఒక చీటీ వస్తుంది. తాబేలు, పీత, కొంగ, పడవ, ఇలా కొన్ని బొమ్మలున్నాయి. కొన్నవాళ్లు తమకు తోచిన బొమ్మ పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి. శుక్రవారం గోవర్ధనరావుగారు ఒక బొమ్మ పలకను ఎవరికీ చూపించకుండా పెట్టెలో పెట్టి తాళం వేసి, బజారులో గెడకి వేలాడదీస్తారు. శనివారం అందరి ముందూ తెరుస్తారు. ఆ బొమ్మ రాసినవాళ్లకు బహుమానం. వారం మొదట్లో గంగన్న అనే అతను డప్పు వేసుకుని, నేను కట్టిన పాట పాడుకుంటూ గుడివాడ దాకా తిరుగుతాడు. పులిగడ్డ రేవు దాటి మీ దివిసీమకీ వస్తాడు.

"ఇది జూదం కాదా అండీ" అని మొదటిరోజే అడిగాను. ఆయన నవ్వారు. "రంగూన్లో పండగొస్తే ముసలమ్మలు కూడా కూర్చుని ఆడతారయ్యా. అక్కడ దీన్ని సరదా అంటారు. మనవాళ్లకి సరదా అంటే సిగ్గు. సబ్బు కొంటానికి సిగ్గేముంది? అందుకే సబ్బు" అన్నారు.

నువ్వు మొహం చిట్లిస్తున్నావని ఇక్కడికే తెలుస్తోంది. ప్రభువు శిష్యులు కూడా చీట్లు వేసే తమలో ఒకణ్ణి ఎన్నుకున్నారు కదా అక్కా. కోప్పడకుండా జవాబు రాయి.

నీ తమ్ముడు,
కృపావరం

నాగాయలంక,
జూలై 1934

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు వరానికి,

శిష్యులు చీట్లు వేశారు, నిజమే. సిలువ కింద ప్రభువు బట్టల కోసం సిపాయిలు కూడా వేశారు. నువ్వు ఎవరి పక్కన కూర్చున్నావో చూసుకో. ఈ మాట నేను అన్నది కాదు, పోయిన ఆదివారం అయ్యగారు ప్రసంగంలో అన్నారు. గుడి బయట ఆయన మాట వింటూనే ఇద్దరు సబ్బులు కొన్నారు. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె.

మీ గంగన్న వచ్చాడు. పిల్లలకి ఎక్కాలు చెబుతున్నాను. బయట డప్పు వినిపించింది, ఆ తరువాత పాట. బెత్తం చేతిలోంచి జారిపోయింది, వరం.

"పెట్టె మూశాం, ఏమున్నదో?
గుట్టుగ లోపల కూర్చున్నదో!
చెప్పినవాళ్లకు సిరులే ఇస్తాం,
చెప్పనివాళ్లు చూస్తూ ఉండండి!"

గుప్పిట తీసేసి పెట్టె అని పెట్టావు. వరస మార్చలేదు. నా దయామణి చేతిలో గవ్వో చింతగింజో దాచుకుని, "మావయ్యా, ఏముందో చెప్పు" అని నీ చుట్టూ తిరిగితే, దానికోసం కట్టిన పాట అది. బిడ్డ పోయాక ఆ పాట ఈ ఇంట్లో ఎవరూ నోట పట్టలేదు. ఇప్పుడు ఊళ్ళో పేడ ఎత్తే మనిషి కూడా పాడుతోంది. తిట్టాలని మొదలుపెట్టాను, చెయ్యి రావడం లేదు. బతకడానికి మనిషి ఏదో ఒకటి అమ్ముకోవాలి. దాన్ని మాత్రం అమ్మకుండా ఉండవలసింది.

ఇంకో సంగతి. నాంచారయ్య అని, గూడూరు వైపునుంచి నిరుడే వచ్చి ఇక్కడ కౌలు చేసుకుంటున్నాడు. బడి దగ్గరికి వచ్చి, "పంతులమ్మగారూ, చీటీ మీద తాబేలు అని రాసిపెట్టండి" అన్నాడు. నేను రాయనన్నాను. తాబేలే ఎందుకని అడిగాను. "కల్లో ఓ ఆడపిల్ల వచ్చిందండి. తడిసిన జడ, గళ్ళ గౌను. గుప్పిట తెరిచి చూపించింది. అందులో తాబేలు కదుల్తా ఉందండి" అన్నాడు.

అతను దయామణిని ఎన్నడూ చూడలేదు.

నీ అక్క,
ఎలీసబెతు

గుడివాడ,
ఆగస్టు 1934

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి తల దించుకున్నాను. ఆ పాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియకుండా వచ్చిందంటే నమ్ము. కాగితం ముందు కూర్చుంటే అదే వచ్చింది. ఇప్పుడు మార్చాలంటే గోవర్ధనరావుగారు ఒప్పుకోవడం లేదు. సబ్బులు ఆ పాటకే అమ్ముడవుతున్నాయట.

నాంచారయ్య కల సంగతి మనసులో పెట్టుకోకు. గళ్ళ గౌను వేసుకున్న పిల్లలు ఊరికి పదిమంది ఉంటారు. నువ్వు రాయకపోయినా ఇంకెవరి చేతో రాయించుకున్నాడు, తాబేలే వచ్చిన మాట నిజమే. ఎవరో ఒకరికి కలవాలి కదా, అతనికి కలిసింది. ఆ డబ్బుతో పాడిగేదె కొన్నాడని గంగన్న చెప్పాడు.

ఇక్కడ గుడివాడలో గోడల మీద ప్రకటనలు రాయించే పని మీద ఉన్నాను. ఈ ఊరి రైతులు నన్ను చూసి నవ్వుతున్నారు. "కోడిపందెం అంటే మొగాడి ఆట. రెండు కోళ్ళూ కళ్ళెదురుగా ఉంటాయి. తాళం వేసిన పెట్టె మీద పందెం కాసేది ఆడంగులు కదండీ" అన్నాడొకాయన. నేను దిగిన ఇంటి ప్లీడరుగారైతే, "పందెంలో తప్పు లేదోయ్, దానికి డప్పు కొట్టడంలో ఉంది తప్పు. మేం దీపావళికి తలుపులేసుకుని పేకాడతాం. ఊళ్ళోవాళ్లని రమ్మని పిలిచామా?" అన్నారు. అంటే ఆయన లెక్కన, జూదం ఎవరికి వారు ఆడుకుంటే మర్యాద, పిలిస్తే పాపం. పిలిచేవాణ్ణి నేను.

ఒక్క మాట అడుగుతాను. ఆ కల ఇంకెవరికైనా వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను.

కృపావరం

నాగాయలంక,
సెప్టెంబరు 1934

తమ్ముడు వరానికి,

ఊరికే అడిగావా? సరే, ఊరికే చెబుతున్నాను.

చాకలి వీరమ్మకి వచ్చింది. చేతిలో పీత. పడవ సరంగుకి వచ్చింది. చేతిలో కొంగ. మీ పెట్టెలోంచి ఏవేవి వచ్చాయో నీకే బాగా తెలుసు. కల వచ్చిన ప్రతివాళ్లూ అంతకుముందు సబ్బు కొన్నవాళ్లే. కొననివాళ్లకు ఒక్కరికీ రాలేదు.

ఆ పిల్ల ఎవరో ఊరందరికీ తెలిసిపోయింది. కరకట్ట పక్కన మన సమాధుల దొడ్డి నీకు గుర్తుంది కదా. మనవాళ్లు తప్ప ఎవరూ అటు నడిచేవాళ్లు కాదు. దాని మీదుగా వచ్చిన గాలి తగిలితే స్నానం చేసేవాళ్లు కొందరు. ఇప్పుడు వాళ్లే చాపలు చంకన పెట్టుకుని వచ్చి నా బిడ్డ సమాధి చుట్టూ పడుకుంటున్నారు. పసుపూ కుంకుమా పెడుతున్నారు, చక్కెర మిఠాయి పెడుతున్నారు. అయ్యగారు కర్ర పట్టుకుని వస్తే, "మీ ప్రార్థన మీది, మా నిద్ర మాది" అన్నారట.

పొద్దున్నే వెళ్ళి చూస్తే గడ్డి అంతా మనుషుల ఒళ్ళ ఆకారాల్లో అణిగి ఉంటుంది. మధ్యలో సమాధి దగ్గర చిన్న చోటు. అక్కడ కూడా గడ్డి అణిగే ఉంటుంది.

నీకు ఒకటి ఎప్పుడూ చెప్పలేదు. బిడ్డని ఏటిపాయలోంచి తీసినప్పుడు దాని కుడి గుప్పిట మూసి ఉంది. నేను ఒక్కో వేలూ పట్టుకుని విప్పాలని చూశాను. విడలేదు. "వదిలెయ్యండమ్మా, దానితోనే పోనివ్వండి" అన్నారు అయ్యగారు. అలాగే పూడ్చాం. నువ్వు బందరునుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ గుప్పిట్లో ఏముందా అని నేను తలుచుకోని రోజు లేదు. నీళ్ళలోకి దేనికోసం దిగింది? అది దొరికిందా?

వీరమ్మకి తెరిచి చూపించింది. సరంగుకి తెరిచి చూపించింది. నా కల్లోకి ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు, తమ్ముడూ. కన్నతల్లిని. నాకెందుకు రాదు?

ఎలీసబెతు

బందరు,
అక్టోబరు 1934

అక్కా,

నీ ఉత్తరం తెల్లవార్లూ చేతిలో పట్టుకునే ఉన్నాను. ఇక దాచడం నావల్ల కాదు.

నువ్వు జూలైలో రాసిన ఉత్తరం గోవర్ధనరావుగారికి చదివి వినిపించాను. ఒక వింత చెప్పినట్టు చెప్పాను, అంతే. తరువాత మీ ఊరివాళ్లకే వరసగా బహుమానాలు వస్తుంటే నా మీద అనుమానపడ్డారు. "పెట్టెలో ఏముందో మీ అక్కకి చేరేస్తున్నావా?" అని నిలదీశారు. ఏముందో నాకే తెలియదంటే, ఆయన పెట్టె దగ్గరికి లాక్కున్నారు. "ఈసారి చేప పెడదామని చెయ్యి పెట్టానయ్యా, చెయ్యి కొంగ పలక మీదికి పోయింది" అన్నారు. ఆయన భయపడ్డారనుకున్నాను. మర్నాటికి ఆ భయాన్ని కూడా సరుకు చేసేశారు. "దివిసీమ చిట్టితల్లి సబ్బు. కొన్నవారికి కలలో చెబుతుంది." ఇదీ కొత్త ప్రకటన. పైకాగితం మీద పిల్ల బొమ్మ వేయిస్తున్నారు. గుడివాడ స్టేషను ఎదుట గోడ మీద నిలువెత్తున వేయిస్తున్నారు. బొమ్మ వేసేవాడికి పిల్ల ఎలా ఉంటుందో చెప్పమంటే, జడా గళ్ళ గౌనూ మూసిన గుప్పిటా చెప్పాను. నోరు కట్టేసుకోవలసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. నువ్వు మాత్రం సబ్బు కొనకు. నీకు రాలేదంటే, నీ బిడ్డ నీ దగ్గర బేరం పెట్టలేదని అర్థం. అలాగే ఉండనీ.

కృపావరం

నాగాయలంక,
అక్టోబరు 1934

వరానికి,

రేవు దగ్గర కొట్లో ఆ చిట్టితల్లి సబ్బులు వేలాడదీశారు. దూరంనుంచే గుర్తుపట్టాను. బొమ్మ వేసినవాడు బుగ్గలు కాస్త లావు చేశాడు, కళ్ళు మాత్రం దానివే. ఎడమ కనుబొమ మీద గాటు కూడా వేశాడు. పడవ కొక్కెం తగిలి అయిన గాటు, జుట్టు కింద దాగి ఉండేది. దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వినవాళ్లకే తెలుస్తుంది. అది కూడా చెప్పావన్నమాట. ఏం మిగిల్చావు?

కొట్టువాడు, "మీరు కూడానా పంతులమ్మగారూ?" అని నవ్వాడు. ఒళ్ళు రుద్దుకోవడానికే అన్నాను. నా జీవితంలో ఆడిన మొదటి అబద్ధం కాకపోవచ్చు, సిగ్గుపడని మొదటి అబద్ధం అదే.

పైకాగితం విప్పలేదు. చీటీ మీద ఏ బొమ్మ పేరూ రాయలేదు. నాకు బహుమానం అక్కర్లేదు. అది వచ్చి నాకు గుప్పిట తెరిచి చూపిస్తే చాలు. ఈ వారం అక్కడే పడుకుంటాను. నా బిడ్డ పక్కన పడుకోవడానికి నేను చాప పట్టుకుని వరసలో చోటు వెతుక్కోవాలి.

ఎలీసబెతు

బందరు,
నీ ఉత్తరం అందిన మర్నాడే

అక్కా,

దేవుడి సాక్షిగా నేను గాటు సంగతి చెప్పలేదు. నాకే గుర్తులేదు. ప్రత్యేకంగా ఒక మనిషి చేతికిచ్చి పంపుతున్న ఈ ఉత్తరం అందేలోపు నువ్వు అక్కడ పడుకోకుండా ఉంటే బాగుండును. గుడివాడ వెళ్ళి బొమ్మ వేసేవాణ్ణి అడిగాను. "నన్నడుగుతారేంటండీ? వేస్తా ఉంటే అదే వచ్చింది. సున్నం కొట్టి చెరిపాను కూడానండీ, మళ్ళీ తేలింది" అన్నాడు.

వెళ్ళకు. ఆ వచ్చేది మన దయామణి కాకపోతే ఏం చేస్తావు? మన దయామణే అయితే మాత్రం ఏం చేస్తావు?

కృపావరం

నాగాయలంక,
నవంబరు 1934

తమ్ముడు వరానికి,

నీ ఉత్తరం అందకముందే వెళ్ళి అక్కడ పడుకున్నాను. బిడ్డ వచ్చింది.

జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. పడుకున్నవాళ్ల మధ్యనుంచి ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది, సంతలో అమ్ముకునే పిల్ల ఆగినట్టు. ప్రతివాళ్ల దగ్గరా ఒకే నవ్వు. ఆ నవ్వు కాగితం మీది నవ్వు. నా దగ్గరికి వచ్చి నిలబడింది. నేను పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. నా మొహంలోకి చూసి, "చీటీ ఉందా అండీ?" అంది.

నేను దాని అమ్మనని చెప్పాను. "చీటీ ఉందా అండీ?" అని మళ్ళీ అడిగింది. నేను చీటీ చూపించాను, వరం. నా కన్నబిడ్డకి చీటీ చూపించాను. అప్పుడు గుప్పిట విప్పబోయింది. వేళ్లు విడుతుంటే దాని మొహం ఎంత అలిసిపోయి ఉందో చూశాను. కళ్ళ కింద నల్లగా, ముసలిదానిలాగా. ఎన్ని ఊళ్ళు తిరుగుతోందో, ఎన్ని గోడల మీద నిలబడుతోందో. నేను దాని చెయ్యి పట్టుకుని గుప్పిట మూసేశాను. మెలకువ వచ్చేసింది. నా అరచెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

నేను తప్పు అర్థం చేసుకున్నాను. నా మీద కోపంతో రావడం లేదనుకున్నాను, అది కాదు. దాన్ని మీరు పనిలో పెట్టారు. ఇంటికి వచ్చే తీరిక ఎక్కడిది దానికి?

అది నీ పాట విని వెళ్ళింది. మావయ్య ఆటకి పిలుస్తున్నాడనుకుని ఉంటుంది. నేను పిలిస్తే పలకడం లేదు. ఆ వరసలోనే నువ్వు పిలవాలి, ఆ డప్పు మీదే. ఎన్ని ఊళ్ళలో పిలిచావో అన్ని ఊళ్ళలోనూ పిలవాలి. నీ ఉద్యోగం పోతుందని తెలిసే అడుగుతున్నాను.

నీ అక్క,
ఎలీసబెతు

బందరు,
డిసెంబరు 1934

ప్రియమైన అక్కకి,

పిలిచాను. గంగన్నకి కొత్త పాట అని చెప్పి నేర్పాను. అతను పూర్తిగా విని, "ఇది సబ్బు పాట కాదు బాబూ" అన్నాడు. కాదన్నాను. కారణం అడగలేదు. అతనికీ ఆడపిల్లలున్నారు. బందరు, గూడూరు, గుడివాడ, రేవు దాటి మీ సీమంతా ఇదే పాడాడు:

"గుప్పిట మూసే ఇంటికి రా,
ఏముందని ఎవ్వరు అడగరు.
పొద్దు వాలింది, ఆట చాలు,
అమ్మ పిలిచింది, ఇంటికి రా."

జనం ఏమీ అర్థంకాక చూశారట. గుడివాడలో మాత్రం ఆడవాళ్లు కొందరు పిల్లల్ని వెతుక్కుంటూ ఇళ్ళలోకి వెళ్ళిపోయారట.

ఆ వారం ఎవరికీ కల రాలేదు. శనివారం పెట్టె తెరిస్తే లోపల పలక ఉంది, పలక మీద బొమ్మ లేదు. తడిసి, రంగు కారిపోయి ఉంది. తాళం వేసిన పెట్టెలోకి నీళ్ళు ఎలా వచ్చాయని గోవర్ధనరావుగారు అందరి ముందూ నన్ను చొక్కా పట్టుకుని అడిగారు. జనం డబ్బులిమ్మని కొట్టు మీద పడ్డారు. నన్ను పనిలోంచి తీసేశారు. ఆయన రంగూను తిరిగి వెళ్ళిపోతారని అంటున్నారు.

నిన్న గుడివాడ వెళ్ళాను. స్టేషను ఎదుట గోడ మీద అక్షరాలు చెక్కుచెదరలేదు. పిల్ల ఉన్నచోట మాత్రం తెల్లగా సున్నం, నిలువెత్తు మనిషంత. ఎవరో గోకేశారని స్టేషనువాళ్లు అనుకుంటున్నారు. నేను దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమాను. గోకిన గుర్తు లేదు.

ఇంటికి వచ్చిందా అక్కా?

కృపావరం

నాగాయలంక,
డిసెంబరు 1934

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు వరానికి,

పని పోయిందని బెంగపడకు. ఇక్కడ బడికి రెండో పంతులు కావాలి. అయ్యగారితో మాట్లాడాను. వచ్చెయ్యి.

సమాధుల దొడ్డిలో ఇప్పుడు ఎవరూ పడుకోవడం లేదు. గడ్డి లేచి నిలబడింది. నాంచారయ్య వచ్చి మిఠాయి కాగితాలన్నీ ఏరి వెళ్ళాడు. "బిడ్డను ఇబ్బంది పెట్టామండి" అన్నాడు, మొహం చూడకుండా.

నువ్వు అడిగిన దానికి జవాబు. గంగన్న పాడుతూ వెళ్ళిన రోజున దీపం పెట్టి కూర్చున్నాను. పడుకోలేదు, కాబట్టి కల అనలేను. గుమ్మంలో నిలబడింది. ఆ కాగితం నవ్వు లేదు. మూతి ముడుచుకుని ఉంది, ఆలస్యంగా వచ్చినందుకు తిడతానని. తల తుడిచాను. కనుబొమ మీద గాటు తడిమాను. అప్పుడు "అమ్మా" అని, మూసిన గుప్పిట నా ముందు చాపింది. అడుగుతానని చూస్తూ నిలబడింది.

ఎన్నాళ్ళనుంచో తెలుసుకోవాలని ఉన్నదాన్ని. నీ దగ్గర సబ్బులు కొన్నవాళ్లందరికంటే ఎక్కువగా తెలుసుకోవాలని ఉన్నదాన్ని. నేను అడగలేదు, వరం. నువ్వు వచ్చాక నువ్వూ అడగకు.

"ఆకలేస్తోందా?" అన్నాను. తలూపింది.

అప్పటినుంచి రోజూ ఎసట్లో గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తున్నాను.

నీ అక్క,
ఎలీసబెతు